చేతిరాత పేరు తెర మీద కదలాలంటే: గింప్‌తో తెలుగు సంతకం యానిమేషన్

పేరు తనంతట తానే రాసుకుంటున్నట్టు కదిలే సంతకాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఈమెయిలు అడుగున, పెళ్లి వీడియో చివర్లో, బతుకమ్మ శుభాకాంక్షల కార్డు మూలన. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల డీటీపీ దుకాణాల్లో పండుగల ముందు "అన్నా, నా పేరు కూడా అలా రాస్తున్నట్టు రావాలి" అని అడిగేవాళ్లకు కొదవ ఉండదు. తొందరలో ఉన్న దుకాణంవాళ్లు చేసిచ్చేది సాధారణంగా ఒకటే: ఏదో ఒక ఫాంటులో పేరు కొట్టి, దాని మీది తెల్లని ముసుగును ఎడమ నుంచి కుడికి జరపడం. పేరు కనిపిస్తుంది గానీ ఎవరో రాసినట్టు మాత్రం ఉండదు.

ఇంగ్లీషు పేరును కలిపిరాతలో రాస్తే చెయ్యి దాదాపు ఎడమ నుంచి కుడికే సాగుతుంది, చుక్కలూ అడ్డగీతలూ చివర్లో పడతాయి. అందుకే ముసుగు జరిపే పద్ధతి అక్కడ చెల్లుతుంది. తెలుగులో చెయ్యి అంత సూటిగా నడవదు. "శ్రీనివాస్" అని రాసేవారు శ రాసి, గుడి దీర్ఘం పెట్టి, క్రావడి కోసం మళ్లీ వెనక్కి, అక్షరం అడుగుకు రావాలి. "శైలజ"లో ఐత్వం ఒక ముక్క తల మీద, ఒక ముక్క అడుగున. "స్వప్న"లో రెండు తలకట్లు, రెండు ఒత్తులు. ముసుగు జరిపితే అక్షరం, ఒత్తు, తలకట్టు మూడూ ఒకేసారి నిలువు ముక్కలుగా బయటపడతాయి. తెలుగు రాయడం వచ్చినవాళ్ల కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవకముందే చెయ్యి నడిచే వరస పట్టుకోవాలి. ఆ తర్వాత మిగిలేది ఓపికే.

ఇక్కడ వాడుతున్నది బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ గింప్. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పాత కంప్యూటర్ అయినా ఈ పాటి పనికి తడబడదు. 1996 నుంచి ఉన్న ప్రోగ్రామ్ ఇది. 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది, 2.10 ఉన్నా ఈ పనికి చాలు. రెంటి మధ్య కొన్ని మెనూలు చోటు మారాయి గనుక, నేను చెప్పిన ఆదేశం కనిపించకపోతే కీబోర్డు మీద స్లాష్ మీట నొక్కండి. వెతికే పెట్టె తెరుచుకుంటుంది. ఆదేశం పేరు అందులో కొడితే ఎక్కడున్నా దొరుకుతుంది.

బ్యాంకు సంతకం మాత్రం వద్దు

పాస్‌బుక్కు మీదా, రిజిస్ట్రేషన్ కాగితాల మీదా పెట్టే అసలు సంతకాన్ని యానిమేషన్ చేయకండి. మామూలు సంతకం బొమ్మ బయటికి వెళ్లడమే మంచిది కాదు. కదిలే సంతకమైతే గీత ఎక్కడ మొదలవుతుందో, ఎటు తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో అన్నీ వరసగా నేర్పించేస్తుంది. దొంగ సంతకం పెట్టేవాడికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. దీనికోసం పేరును విడిగా, అందంగా, అసలు సంతకానికి పోలిక లేకుండా రాయండి. ఇంకో మాట: ఈ బొమ్మను పీడీఎఫ్ మీద అతికించినంత మాత్రాన అది డిజిటల్ సంతకం అయిపోదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం చెప్పే డిజిటల్ సంతకానికి సర్టిఫికెట్టు, తాళంచెవుల వ్యవస్థ వేరే ఉంటాయి. మనం చేస్తున్నది అలంకారం మాత్రమే.

కాగితం, పెన్ను, ఫోను

గీతలు లేని తెల్ల కాగితం తీసుకోండి. నోటుపుస్తకం కాగితం వద్దు, దాని నీలి గీతల్ని తర్వాత వదిలించుకోవడం ఒక తలనొప్పి. నల్ల స్కెచ్ పెన్నుగానీ లావు జెల్ పెన్నుగానీ వాడండి. బాల్‌పెన్ను గీత మధ్యమధ్య తెగి కనిపిస్తుంది. పేరు కాగితానికి అడ్డంగా, పెద్దగా, కనీసం నాలుగు వేళ్ల ఎత్తున రాయండి. అక్షరానికీ ఒత్తుకూ మధ్య, అక్షరానికీ తలకట్టుకూ మధ్య మామూలు కన్నా కాస్త ఎక్కువ ఎడం ఉంచితే తర్వాత చెరిపేటప్పుడు ప్రాణం సుఖంగా ఉంటుంది. ఘ, ప, ఫ, ష, స, హ అక్షరాలకు తలకట్టు ఎలాగూ ఒంటికి తగలదు కాబట్టి ఆ అక్షరాలున్న పేర్లవాళ్లు అదృష్టవంతులు. క, ర, త లాంటివాటికి తలకట్టు అంటుకునే ఉంటుంది, అక్కడ కొంచెం పని ఎక్కువ.

రాసేటప్పుడు ఎవరినైనా పక్కన నిలబెట్టి ఫోన్లో వీడియో తీయించండి. ఈ మెట్టు అనవసరం అనిపించవచ్చు. కానీ మన చెయ్యి ఏ వరసలో నడుస్తుందో మనకే సరిగ్గా తెలియదు. కొందరు ప్రతి అక్షరానికీ అప్పటికప్పుడే తలకట్టు పెడతారు. కొందరు పేరంతా రాసేసి చివర్న టకటకా తలకట్లన్నీ కొడతారు. ఒత్తు ముందా తలకట్టు ముందా అంటే కూడా ఒక్కొక్కరిది ఒక్కో అలవాటు. సరైన వరస ఇదీ అని నేను చెప్పను. మీ చెయ్యి వరసే మీ సంతకానికి వరస. వీడియోను నెమ్మదిగా నడిపించి, గీతల వరసను ఓ చీటీ మీద రాసుకోండి. పేరు మొత్తానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాగితాన్ని జిరాక్స్ సెంటర్‌లో 300 డీపీఐతో స్కాన్ చేయిస్తే మేలు. లేదంటే పగటిపూట కిటికీ పక్కన పెట్టి, ఫోను నీడ కాగితం మీద పడకుండా నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే కాగితం ఒక మూల బూడిద రంగుకు తిరుగుతుంది.

సిరాను కాగితం నుంచి విడదీయడం

గింప్‌లో బొమ్మ తెరిచి, క్రాప్ పనిముట్టుతో పేరు చుట్టూ కాస్త ఖాళీ వదిలి కత్తిరించండి. ఇప్పుడు కలర్స్ మెనూలో థ్రెషోల్డ్. అక్కడి జారుడు గుర్తును అటూఇటూ కదిపితే కాగితం పూర్తి తెలుపుగా, సిరా పూర్తి నలుపుగా మారే చోటు ఒకటి దొరుకుతుంది. ఎక్కువ జరిపితే నీడలు నల్లమచ్చలుగా వస్తాయి, తక్కువైతే గీతలు సన్నబడి తెగుతాయి. మిగిలిన చిన్నచిన్న మచ్చల్ని తెల్ల రంగు బ్రష్‌తో తుడిచేయండి.

ఇక్కడ వరస ముఖ్యం. థ్రెషోల్డ్ పెద్ద బొమ్మ మీదే చేయాలి, ఆ తర్వాతే ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌తో వెడల్పును 600 పిక్సెళ్లకు తగ్గించాలి. థ్రెషోల్డ్ తర్వాత గీతల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. తగ్గించడంలో ఆ పళ్లన్నీ కలిసిపోయి అంచు నునుపవుతుంది. ముందే తగ్గించి తర్వాత థ్రెషోల్డ్ చేస్తే ఆ పళ్లు అలాగే ఉండిపోతాయి.

తర్వాత కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా. తెలుపును ఎంచుకుంటే కాగితం మాయమై సిరా మాత్రమే మిగులుతుంది, వెనకాల గళ్ల పలక కనిపిస్తుంది. సిరా నీలంగానో మెరూన్‌గానో కావాలంటే ఇప్పుడే మార్చండి: లేయర్ల (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరల) పలకలో ఆల్ఫా తాళం (ఖాళీ చోట రంగు పడనివ్వని తాళం) వేసి, కావలసిన రంగు ముందు రంగుగా (ఫోర్‌గ్రౌండ్) పెట్టుకుని, ఎడిట్ మెనూ నుంచి ఆ రంగు నింపితే గీతలకు మాత్రమే రంగు పడుతుంది. ఆపై తాళం తీసేయడం మరవకండి.

ఇప్పుడు చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది. మనం చివరికి దాచేది జిఫ్ ఫైలు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చిన ఈ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు, అంటే కదలికలోని ఒక్కో బొమ్మకు, 256 రంగులే. పిక్సెల్ కనిపిస్తే పూర్తిగా కనిపించాలి, లేదంటే పూర్తిగా మాయం కావాలి. సగం పారదర్శకం అన్నది దానికి తెలియదు. నునుపైన అంచుల్లో ఉన్నవన్నీ సగం పారదర్శక పిక్సెళ్లే కాబట్టి, పట్టించుకోకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే మనం కష్టపడి తెచ్చిన నునుపు పోయి పళ్లు తిరిగొస్తాయి. అందుకే ఇంగ్లీషు డి అక్షరం మీట నొక్కి వెనక రంగును తెలుపు చేసుకుని, సెమీ ఫ్లాటెన్ అనే ఆదేశాన్ని స్లాష్ పెట్టెలో వెతికి నడిపించండి. అంచు పిక్సెళ్లు తెలుపుతో కలిసి లేత రంగులుగా స్థిరపడతాయి. దీన్ని ఇప్పుడు ఈ ఒక్క లేయర్ మీద చేస్తే చాలు, తర్వాత తీసే నకళ్లన్నిటికీ అదే వస్తుంది.

గీతకో లేయర్

"స్వప్న" పేరునే తీసుకుందాం. చీటీ మీద వరస ఇలా ఉందనుకోండి: సకారం ఒళ్లు, దాని తలకట్టు, వ ఒత్తు, పకారం ఒళ్లు, దాని తలకట్టు, న ఒత్తు. ఆ తర్వాత మన పెద్దవాళ్ల సంతకాల్లో తప్పనిసరిగా కనిపించే కింది గీత, దాని కింద రెండు చుక్కలు. చుక్కల్ని విడివిడిగా లెక్కిస్తే మొత్తం తొమ్మిది గీతలు.

సిరా లేయర్‌కు ఎనిమిది నకళ్లు తీయండి. షిఫ్ట్, కంట్రోల్, డి మీటలు కలిపి నొక్కితే నకలు వస్తుంది. ఒక్కో లేయర్‌లో ఒక్కో గీత ఉంచి మిగతావన్నీ చెరిపేయండి. రబ్బరు పనిముట్టు ఎంపికల్లో హార్డ్ ఎడ్జ్ పెట్టుకోండి, మెత్తని రబ్బరు మళ్లీ సగం పారదర్శక అంచుల్ని తెచ్చిపెడుతుంది. లేయర్లకు పేర్లు కూడా పెట్టుకోండి, లేకపోతే కాసేపటికి ఏది వ ఒత్తో ఏది న ఒత్తో తెలియక తల తిరుగుతుంది.

కత్తిరించి అతికించకుండా నకళ్లు తీయమనడానికి కారణం ఉంది. న ఒత్తు తోక కింది గీతను దాటి వెళ్లిందనుకోండి. ఆ కూడలిలోని నలుపు రెండు గీతలదీ. కత్తిరిస్తే అది ఒక్కరికే దక్కుతుంది, రెండో గీతలో చిల్లు పడుతుంది. నకళ్లయితే కూడలిని రెండు లేయర్లలోనూ ఉంచుకోవచ్చు. న ఒత్తు లేయర్‌లో కింది గీతను తోకకు రెండు పక్కలా, తోక అంచు వరకు మాత్రమే చెరపాలి. కింది గీత లేయర్‌లో తోకను గీత అంచు వరకు చెరపాలి. రెండూ ఒకే బొమ్మ నుంచి వచ్చాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు అతుకు కనిపించదు. బొమ్మను 400 శాతం పెద్దది చేసుకుని ఈ ఒక్క చోట కాసేపు కూర్చోండి. అంటుకున్న తలకట్లదీ ఇదే వైద్యం.

అన్ని లేయర్లకూ అడుగున పూర్తి తెల్ల లేయర్ ఒకటి పెట్టండి. గింప్‌లో అడుగు లేయరే మొదటి ఫ్రేము, పైకి పోయే కొద్దీ తర్వాతి ఫ్రేములు. కనుక తెలుపు మీద సకారం, దాని మీద తలకట్టు, ఇలా రాసే వరసలోనే కింది నుంచి పైకి పేర్చండి. లేయర్ గ్రూపులు వాడకండి.

వెనక నుంచి చెరపడం

యానిమేషన్ ఊపిరి పోసుకునేది ఇక్కడ. గీతను కొద్దికొద్దిగా రాయడం కన్నా, పూర్తి గీతను చివర నుంచి కొద్దికొద్దిగా చెరుపుతూ వెనక్కి వెళ్లడం తేలిక. సకారం లేయర్‌కు నకలు తీస్తే అది పైన వస్తుంది. పైదాన్ని ముట్టుకోకుండా కిందిదాన్ని ఎంచుకుని గీత చివరి ముక్క చెరపండి. దానికి మళ్లీ నకలు, మళ్లీ కిందిదాంట్లో ఇంకో ముక్క. ఎప్పుడూ కింది లేయర్‌లోనే చెరుపుతారు కాబట్టి ఫ్రేముల వరస దానంతట అదే సరిగ్గా పడుతుంది. పెన్ను మోపిన తొలి చుక్కంత మిగిలే వరకు ఇలా వెళ్లి, తర్వాత తలకట్టు లేయర్‌కు మారండి. అందులో సకారం ఉండనక్కరలేదు, ముందు ఫ్రేముల మీద ఇది వచ్చి చేరుతుంది.

ముక్కలన్నీ సమానంగా కోస్తే మాత్రం మర రాసినట్టుంటుంది. చెయ్యి వంపుల దగ్గర నిదానిస్తుంది, సాపు గీతల దగ్గర పరుగెడుతుంది. సకారం మలుపుల దగ్గర చిన్న ముక్కలు, వెలుపలికి లాగే చోట పెద్ద ముక్కలు తీయండి. తలకట్టు ఒక విసురు, దానికి రెండు ఫ్రేములు మించితే నీరసంగా కనిపిస్తుంది. నా లెక్క ఇలా ఉంటుంది: సకారానికి 5, తలకట్టుకు 2, వ ఒత్తుకు 3, పకారానికి 4, తలకట్టుకు 2, న ఒత్తుకు 3, కింది గీతకు 3, చుక్కలకు చెరొకటి. మొత్తం 24, తెలుపుతో కలిపి 25. కింది గీతను చాలామంది నెమ్మదిగా గీయిస్తారు, అది తప్పు. సంతకం పెట్టేవాడు ఆ గీతను ఎప్పుడూ దర్జాగా, ఒక్క ఊపులో లాగుతాడు.

రబ్బరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి తెగిన చోట గీత చివర లోపలికి కొరికినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. ఆ ఫ్రేము తెర మీద నిలిచేది సెకనులో పదో వంతు కూడా కాదు. ఎక్కువసేపు నిలిచేది గీత పూర్తయిన ఫ్రేమే, దాని చివర ఎలాగూ అసలు పెన్నుదే.

కాలం లెక్కలు

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫ్రేముకింత అని ఒక సమయం ఇవ్వవచ్చు. 80 మిల్లీసెకన్లు బాగుంటుంది. ఏదైనా ఫ్రేము అంతకన్నా ఎక్కువసేపు ఆగాలంటే ఆ లేయర్ పేరు చివర బ్రాకెట్లలో అంకె వేసి, దానికి ఆనించి చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు ఎం, ఎస్ రాయాలి, (180ms) లాగా. ఒక్కో గీత చివరి ఫ్రేముకు 180 ఇవ్వండి. పెన్ను పైకెత్తి మరో చోటికి తీసుకెళ్లే వ్యవధి అది. ఈ చిన్న ఆగుడు లేకపోతే వరస ఎంత సరిగ్గా ఉన్నా రాతలా అనిపించదు. చిట్టచివరి ఫ్రేముకు 2500. సమయాలన్నీ చివర్లోనే వేయండి, ముందే వేస్తే నకలు తీసిన ప్రతి లేయర్‌కూ అదే సమయం అంటుకుంటుంది.

ఫిల్టర్స్ మెనూలో యానిమేషన్, అందులో ప్లేబ్యాక్ తెరిచి చూడండి. ఫోన్లో తీసిన వీడియోను పక్కన నడిపించి పోల్చుకోండి. రాత అసలు వేగం కన్నా కొంచెం చురుగ్గా ఉంటేనే తెర మీద బాగుంటుంది. ఇక ఎంత తొందరైనా 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువ పెట్టకండి. అంత తక్కువ ఇస్తే బ్రౌజర్లు దాన్ని పక్కనపెట్టి 100గా లెక్కిస్తాయి, వేగం పెంచబోతే నత్తనడక అవుతుంది.

దాచడం, పంపడం

ముందుగా గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లో దాచుకోండి. ఆ తర్వాత ఇమేజ్ మెనూలో మోడ్, ఇండెక్స్‌డ్ ఎంచుకుని రంగుల సంఖ్య 16 చేయండి, డిథరింగ్ వద్దనండి. ఒక్క సిరా రంగుకు అంతకన్నా అవసరం లేదు, ఫైలు కూడా చిన్నదవుతుంది. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ ఎంచుకుని పేరు చివర చుక్క పెట్టి జిఫ్ పొడిగింపు ఇవ్వండి. వచ్చే పెట్టెలో యానిమేషన్‌గా అన్నచోట టిక్కు పెట్టండి, ఫ్రేముల కలయికను క్యుములేటివ్ లేయర్స్ అని ఉంచండి. వన్ ఫ్రేమ్ పర్ లేయర్ పెడితే ఒక్కో గీతా వచ్చి మాయమవుతూ ఉంటుంది.

అదే పెట్టెలో లూప్ ఫరెవర్ అని ఉంటుంది. ఈమెయిలు సంతకానికైతే ఆ టిక్కు తీసేయమంటాను. ఒకసారి రాసుకుని నిలిచిపోయే పేరు ముచ్చటగా ఉంటుంది. ఉత్తరం చదువుతున్నంతసేపూ కింద మళ్లీమళ్లీ రాసుకునే పేరు చదివేవాళ్ల సహనాన్ని పరీక్షిస్తుంది.

ఈమెయిలుకు ఇంకో చిక్కుంది. కంప్యూటర్లో నడిచే పాత అవుట్‌లుక్ వెర్షన్లు జిఫ్‌లో మొదటి ఫ్రేమునే చూపించి ఊరుకుంటాయి. మన మొదటి ఫ్రేము తెల్ల కాగితం కనుక వాళ్లకు ఖాళీ పెట్టె కనిపిస్తుంది. ఆఫీసులకు రాసేవాళ్లు పూర్తి పేరును తెలుపు మీద కలిపేసిన లేయర్ ఒకటి అన్నిటికన్నా అడుగున పెట్టుకోవాలి. దాని మీద తెలుపు, ఆపై గీతలు. యానిమేషన్ నడిచే చోట పేరు ఒక్క క్షణం మెరిసి, చెరిగి, మళ్లీ రాసుకుంటుంది.

వాట్సాప్ జిఫ్‌ను చిన్న వీడియోగా మార్చి పంపుతుంది. పారదర్శకత నిలవదు గానీ మనది తెల్ల కాగితమే కనుక నష్టం లేదు. కదిలే స్టిక్కరు కావాలంటే లెక్క వేరు: 512 పిక్సెళ్ల చదరం, వెబ్‌పీ రూపం, 500 కిలోబైట్ల లోపు. గింప్ నుంచి వెబ్‌పీని కూడా యానిమేషన్‌గా ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు, స్టిక్కర్లు చేసే యాప్‌లోకి దాన్ని ఎక్కించుకోవాలి. స్టిక్కరు తెర మీద చిన్నగా కనిపిస్తుంది కాబట్టి దానికి మొదటే లావు మార్కర్‌తో రాయండి, చదరంలో ఒదగాలంటే పొడుగు పేరును రెండు వరసలుగా విరవండి.

సొంత వెబ్‌సైటు ఉన్నవాళ్లకు జిఫ్ కన్నా ఎస్‌వీజీ (పిక్సెళ్లతో కాక గీతలతో బొమ్మను దాచే రూపం) మేలు. అలాంటి గీతల బొమ్మలు గీసే ప్రోగ్రామ్ ఇంక్‌స్కేప్‌లో సిరా గీతల నడుమ గుండా ఒక దారి గీసి, దాన్ని ముసుగుగా పెట్టి, ఆ దారిని గీతచుక్కల గీతగా మార్చి దాని ఆఫ్‌సెట్‌ను పూర్తి పొడవు నుంచి సున్నాకు దించితే రాత సాగుతుంది. అక్కడా దారుల వరస మీ చీటీలోదే.

బడిలో చేయించాలనుకునే టీచర్లకు సెప్టెంబరు 9 మంచి సందర్భం. కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. అయితే ఒక పిరియడ్‌లో ఇంత పని తెమలదు. పిల్లలకు మొదట పేరు మొత్తం ఇవ్వకండి, పేరులోని ఒక్క అక్షరం చాలు. "రమ"లో ర అయితే గీతలు రెండే: సున్నా లాంటి ఒళ్లు, దాని మీద తలకట్టు. కిందామీదా పడకుండా ఏడెనిమిది ఫ్రేముల్లో అయిపోతుంది. క్రావడి, ఐత్వం ఉన్న పేర్లవాళ్లను రెండో రోజుకు ఉంచండి, వాళ్లకు జంటగా ఓపికున్న పిల్లల్ని కూర్చోబెట్టండి.